రాళ్లెక్కే జీపు

మాది కృష్ణా జిల్లా మొవ్వ. క్షేత్రయ్య పదాలలో వినిపించే మువ్వగోపాలుడి ఊరు అదే. కూచిపూడి మాకు పొరుగూరు. మా నేలలో వరి పండుతుంది, మినుము పండుతుంది, చేల గట్లమీద తాడిచెట్లు బారులుతీరి ఉంటాయి. కాని పిల్లలూ, మా పొలాల్లో ఎంత లోతు తవ్వినా గుప్పెడు రాళ్లు దొరకవు. ఇందుకు కారణం ఏమంటే, ఈ నేలంతా కృష్ణానది మోసుకొచ్చి పోసినదే. నది కొండల్లో ఉరికేటప్పుడు పెద్ద బండలను కూడా దొర్లిస్తుంది. నేల చదునై ఉరవడి తగ్గినకొద్దీ ముందు బండలనూ, తరవాత గులకరాళ్లనూ, ఆ తరవాత ఇసుకనూ వదిలేస్తుంది. సముద్రం దగ్గరికి వచ్చేసరికి దాని దగ్గర మిగిలేది మెత్తని ఒండ్రుమట్టి. కొండ అనేది చూడాలంటే మేము బెజవాడ దాకా పోవాలి.

అటువంటి ఊళ్లో కూర్చుని, కిందటి వేసవిలో నేనూ మా మనుమరాలూ కలిసి రాళ్లెక్కే బండిని చేశాము. ఆ సంగతే మీకు చెప్పబోతున్నాను.

మా మనుమరాలు హైదరాబాదులో ఎనిమిదో తరగతి చదువుతున్నది. అక్కడ ఎటు చూసినా రాళ్లే. సుమారు రెండువందల యాభై కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు నిలబడి ఉంటాయి. వాటిమీద ఎవరో జానెడు పొడుగు బండిని రేడియోతో నడపటం అది చూసింది. నక్కినక్కి, పాకిపాకి, గోడలాంటి రాతిని కూడా ఎక్కిపోయిందట. దాన్ని ఇంగ్లీషులో రాక్ క్రాలర్ అంటారు. అంటే రాళ్లమీద పాకేది అని అర్థం.

"తాతయ్యా, అది నాకు కొనిపెట్టవూ?" అన్నది సెలవులకు వచ్చీరాగానే.

వెల విచారించాను. మంచి బండి వేలకు వేలు పలుకుతున్నది. "కొనటం దేనికమ్మా? మనమే చేద్దాం" అన్నాను. నేను ముప్ఫైఏళ్లకు పైగా పిల్లలకు విజ్ఞానశాస్త్రం చెప్పినవాణ్ణి. తులాదండాలూ, పళ్లచక్రాలూ, ఘర్షణా నల్లబల్లమీద ఎన్నిసార్లు బొమ్మలు వేసి ఉంటానో! అయితే ఆ ముప్ఫైఏళ్లలో ఒక్క పళ్లచక్రాన్నయినా నా చేత్తో ఇరుసుకు బిగించిన పాపాన పోలేదు. ఆ సంగతి అప్పుడు నాకు గుర్తురాలేదు.

ఏ బండి నమూనాగా చేయాలి అన్న ప్రశ్న వచ్చింది. "జీపు చేద్దాం" అన్నాను ఆలోచించకుండానే. మా చిన్నతనంలో జీపు అంటే పిల్లలం ఊరి చివరిదాకా వెంట పరుగెత్తేవాళ్లం. పాత జీపుల్లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 203 సెంటీమీటర్లు. మేము పదోవంతు కొలత పెట్టుకున్నాము గనక అది 20.3 సెంటీమీటర్లు అయింది.

ఇక్కడ మీకు ఒక లెక్క చెప్పాలి. పొడుగు పదోవంతు అయితే బరువు కూడా పదోవంతు అవుతుందని మా మనుమరాలు అనుకున్నది. కాదు. పొడుగూ పదోవంతే, వెడల్పూ పదోవంతే, ఎత్తూ పదోవంతే. మూడూ కలిసి బరువు వెయ్యోవంతు అవుతుంది. అసలు జీపు బరువు దరిదాపు వెయ్యి కిలోలు. కనుక మా జీపు ఒక్క కిలో ఉండాలి. తీరా పూర్తయ్యాక అది రెండు కిలోలు తూగింది. అదేమిటో ముందు చెబుతాను.

మొదట చట్రం. కిటికీలు చేసే దుకాణంలో మిగిలిపోయిన అల్యూమినియం పట్టీలు రెండు తెచ్చి, ముప్ఫై సెంటీమీటర్ల చొప్పున కోశాను. ఒకదానికి రంధ్రాలు వేసి, దాన్ని చూసి రెండోదానికి వేశాను. ఎక్కడో రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. రెండు మిల్లీమీటర్లే గదా అని బిగించేశాను. బల్లమీద పెట్టి తోస్తే బండి తిన్నగా పోక, ఎండ్రకాయలా ప్రక్కకు పోయింది. మళ్లీ రెండు కొత్త పట్టీలు తెచ్చి, ఈసారి వాటిని జతగా బిగించి, రెండింటికీ ఒక్కసారే బెజ్జాలు వేశాము. మీరు ఎప్పుడైనా ఇటువంటి పని చేస్తే ముందే ఈ ఉపాయం పాటించండి. రంపమూ, డ్రిల్లూ పట్టుకునేటప్పుడు మటుకు ఇంట్లో పెద్దవాళ్లు ప్రక్కన ఉండాలి సుమా!

తరవాత మోటారు. బొమ్మకార్లలో మోటారు నిమిషానికి పదివేల చుట్లు దాకా తిరుగుతుంది. దాన్ని నేరుగా చక్రానికి తగిలిస్తే చదునైన నేలమీద బండి బాణంలా పోతుంది. కాని దాని ఎదుట ఇటుకరాయి పెడితే గుంజలేక ఆగిపోతుంది. వేగాన్ని బలంగా మార్చుకోవాలి. పది పళ్ల చక్రం నలభై పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం నాలుగోవంతు అవుతుంది, తిప్పే బలం నాలుగింతలు అవుతుంది. అటువంటి జతలు రెండు పెట్టాము. ఇరుసులో ఉన్న జత ఇంకో రెండున్నర రెట్లు తగ్గించింది. నాలుగు నాలుగులు పదహారు, పదహారు రెండున్నరలు నలభై. మోటారు నలభైసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. అంటే నిమిషానికి 250 చుట్లు. మా చక్రం అడ్డుకొలత తొమ్మిది సెంటీమీటర్లు. ఒక చుట్టుకు 28 సెంటీమీటర్ల పైచిలుకు పోతుంది. లెక్క కట్టి చూడండి: గంటకు నాలుగు కిలోమీటర్లు దాటి కొంచెం. మనిషి నడక అన్నమాట. అదీ పూర్తి వేగంలో. రాళ్లమీద అందులో పదోవంతు వేగమైనా ఎక్కువే.

ఇరుసుల లోపలి పళ్లచక్రాలు మటుకు మేము చేయలేదు. చెయ్యటం మా చేత అయ్యే పని కాదు. బొమ్మకార్ల విడిభాగాలుగా వాటిని తెప్పించుకున్నాము. వాటిలో డిఫరెన్షియల్ అనే అమరిక కూడా ఉన్నది. "ఇది ఉంటే మంచిది" అని నేనే ఏరి తెప్పించాను. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇరుసులను చట్రానికి గట్టిగా బిగించకూడదు. ఎందుచేతనంటే, మీ తరగతిగదిలో కుర్చీని చూడండి. నాలుగు కాళ్ల కుర్చీ ఎగుడుదిగుడు నేలమీద టకటకమంటూ ఊగుతుంది. ఒక కాలు ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. మూడుకాళ్ల పీట ఎక్కడ వేసినా ఊగదు. బండికి నాలుగు చక్రాలు కావాలి, కాని నాలుగూ నేలను అంటే ఉండాలి. అందుచేత ప్రతి ఇరుసునూ చట్రానికి నాలుగేసి కడ్డీలతో కట్టాము. కడ్డీ రెండు చివరలా మీ భుజంలో ఉన్నటువంటి బంతిగిన్నె కీళ్లు ఉంటాయి. ఒక చక్రం రాయెక్కితే ఇరుసు ఏటవాలుగా వాలుతుంది గాని, రెండో చక్రం నేలను వదలదు. బరువు మోసేందుకు ఒక్కొక్క మూల రెండేసి బాల్‌పెన్ను స్ప్రింగులు పెట్టాము. మా మనుమరాలు ఇంట్లో ఉన్న పెన్నులన్నీ విప్పి, ఎనిమిది స్ప్రింగులు పోగుచేసింది. ఆ వారం మా ఇంట్లో ఒక్క పెన్నూ రాయలేదు.

చక్రాలంటే నాకు కొంచెం అనుభవం ఉన్నది. చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే తాటిముంజలు తినేసి, ఆ కాయలు రెండింటికీ పుల్ల గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ తిరిగేవాళ్లం. తరవాత పాత హవాయి చెప్పులు కోసి చక్రాలు చేశాము. ఇప్పుడూ అట్లాగే పీవీసీ గొట్టం ముక్కలకు చెప్పుల రబ్బరు చుట్టాను. మీటరు పొడుగున్న పలకమీద జీపును పెట్టి, చక్రాలు తిరగకుండా కట్టి, పలక ఒక కొసను మెల్లిగా పైకి లేపాము. కొస యాభై సెంటీమీటర్లు లేచేసరికి జీపు జర్రున జారిపోయింది. అప్పుడు మా మనుమరాలు, "తాతయ్యా, మెత్తటిదేదైనా లోపల పెడితే?" అన్నది. గొట్టానికి స్పాంజి చుట్టి, దానిమీద పాత సైకిలు ట్యూబు తొడిగాము. ఈసారి పలక కొస 64 సెంటీమీటర్లు లేచినదాకా జీపు పట్టు వదలలేదు. మెత్తని చక్రం రాతి అంచు చుట్టూ నొక్కుకుని, చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ఘర్షణవల్ల యంత్రాలు అరిగిపోతాయనీ, శక్తి వృథా అవుతుందనీ నేను ఏళ్లతరబడి పాఠం చెప్పాను. ఘర్షణ లేకపోతే బండి గడప కూడా దాటదన్న సంగతి చెప్పినా, చివర ఒక్క వాక్యంలో చెప్పి గంట కొట్టించేవాణ్ణి.

జీపు పైభాగం పొణికి కొయ్యతో చేశాము. కొండపల్లి బొమ్మలు చేసే కొయ్య అదే. కొండపల్లి కొండల్లో పెరిగే పొణికి చెట్టు కొయ్య చాలా తేలిక, బాడిసెకు మెత్తగా లొంగుతుంది. అక్కడి కళాకారులు కొయ్యలోని తేమ పోయేట్టు సెగ చూపించి, బొమ్మ భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఏనుగు అంబారీ, దశావతారాలు, ఎడ్లబండి, ఇవన్నీ అట్లా పుట్టినవే. మేమూ మక్కు కలిపి, తలుపులూ, బానెట్టూ, ముందు అద్దం చట్రమూ అతికాము. అందానికే గాక ఇందులో శాస్త్రం కూడా ఉన్నది: ఎక్కే బండికి పైభాగం ఎంత తేలికైతే అంత మంచిది. తంజావూరు బొమ్మ పడదోసినా లేచి నిలబడటానికి కారణం దాని బరువంతా అడుగున ఉండటమే గదా!

ఇక రేడియో. గాలిలోంచి కబురు పంపి దూరాన ఉన్న వస్తువును కదిలించటం కొత్త సంగతి కాదు. 1895లో జగదీశ్ చంద్ర బోసుగారు కలకత్తాలో, తీగ లేకుండా దూరాన ఉన్న గంటను మోగించి చూపించారు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో నీటితొట్టిలో చిన్న పడవను రేడియోతో నడిపితే, చూసినవాళ్లు నమ్మలేకపోయారు. మేము కొన్న పరికరం 2.4 గిగాహెర్ట్జుల తరంగాలతో పనిచేస్తుంది. అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. ఒక్కొక్క తరంగం పొడుగు పన్నెండున్నర సెంటీమీటర్లు. మా చిన్నప్పుడు బెజవాడ ఆకాశవాణిని మీడియం వేవు మీద వినేవాళ్లం. ఆ తరంగాల పొడుగు వందల మీటర్లు. అందుకనే అప్పటి రేడియోకు ఇంటిమీద తీగ కట్టేవాళ్లు. మా జీపు ఏరియల్ మూడు సెంటీమీటర్లే.

ముందు చక్రాలను ప్రక్కకు తిప్పేందుకు సర్వో అనే బుల్లి మోటారు ఉన్నది. రిసీవర్ దానికి సెకనుకు యాభైసార్లు విద్యుత్తు చిటికె వేస్తుంది. చిటికె సెకనులో వెయ్యోవంతు సేపు ఉంటే ఒక ప్రక్కకూ, రెండు వెయ్యోవంతులుంటే రెండో ప్రక్కకూ, ఒకటిన్నర ఉంటే తిన్నగానూ తిరుగుతుంది. ఇంత చిన్న తేడాను అది పోల్చుకోగలగటం నాకిప్పటికీ వింతగానే ఉన్నది. బ్యాటరీ విషయంలో పెద్దలకు ఒక మాట: లిథియం పాలిమర్ బ్యాటరీలు బలమైనవే గాని, ఉబ్బినా, చిల్లు పడినా, గమనించక చార్జింగులో వదిలేసినా అంటుకునే ప్రమాదం ఉన్నది. మేము నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వాడాము.

ఇరవై రోజులకు జీపు తయారైంది. పెరట్లో ఇటుకలు అడ్డదిడ్డంగా పోసి, దానికి కొండ అని పేరు పెట్టి, జీపును వదిలాము. మొదటి ఇటుక ఎక్కింది. రెండో ఇటుకమీదికి పోయేటప్పుడు ముందు కుడిచక్రమూ, వెనక ఎడమచక్రమూ గాలిలోకి లేచాయి. అంతే, ఆ రెండూ గిరగిర తిరగటం మొదలుపెట్టాయి. నేలమీద ఉన్న రెండూ చలనం లేకుండా నిలబడిపోయాయి. మోటారు ఘోష పెడుతున్నది, బండి కదలదు.

"తాతయ్యా, పనికొచ్చే చక్రాలు ఊరుకున్నాయి, పనికిరానివి తిరుగుతున్నాయి. ఎందుకూ?" అన్నది మా మనుమరాలు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ దృశ్యం నేను పూర్వం ఒకసారి చూశాను.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. మీ తాతల్ని అడగండి, చెబుతారు. పెనుగాలితోపాటు సముద్రం తాడిచెట్టు ప్రమాణాన లేచిందని బతికినవాళ్లు చెప్పేవారు. పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు నాకు పదిహేడేళ్లు. నాలుగైదు రోజుల తరవాత మా ప్రాంతపు కుర్రవాళ్లం కొందరం బియ్యం బస్తాలూ, తాగే నీళ్లూ వేసుకున్న ఒక జీపు వెంట పులిగడ్డ మీదుగా దివిసీమలోకి పోయాము. అవనిగడ్డ దాటి కొంతదూరం పోయాక మట్టిరోడ్డు మీద ఆ జీపు బురదలో దిగబడింది. ముందొక చక్రం, వెనకొక చక్రం గిరగిర తిరిగి బురద ఎగజిమ్మాయి. తక్కిన రెండూ కదలలేదు. తాటిమట్టలు వేశాము, కొయ్యలు వేశాము, భుజాలు ఆనించి తోశాము. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలింది. చివరకు బస్తాలు విప్పి, మూటలు కట్టుకుని, తలలమీద మోసుకుంటూ నడిచాము. మేము చేరేసరికి చీకటిపడింది. అక్కడ మిగిలినవాళ్లు బడి గోడ ప్రక్కన కూర్చుని ఉన్నారు. పిల్లలు ఏడవటం కూడా మానేసి మావంక చూశారు.

ఆ చక్రాలు ఎందుకు అట్లా తిరిగాయో అప్పుడు నాకు తెలియదు. తరవాత కాలేజీలో డిఫరెన్షియల్ గురించి చదివాను, పిల్లలకు పాఠమూ చెప్పాను. కాని ఆ పాఠానికీ, ఆ బురదకూ ముడి ఉన్నదని నా పెరట్లో ఇటుకల ముందు గొంతుకు కూర్చునేదాకా నాకు తట్టనే లేదు.

బళ్లో కవాతు చేసేటప్పుడు వరస మలుపు తిరగాలంటే ఏం చేస్తారు? బయటి కొసన ఉన్నవాడు పెద్ద అంగలు వేస్తాడు, లోపలి కొసనున్నవాడు ఉన్నచోటే కాళ్లాడిస్తాడు. బండి మలుపు తిరిగేటప్పుడూ అంతే. బయటి చక్రం ఎక్కువదూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఒకటి నేలమీద ఈడ్చుకుంటూ పోతుంది. డిఫరెన్షియల్ ఈ పేచీని తీర్చి, ఎవరి వేగాన వారు తిరిగేట్టు చేస్తుంది. మంచిదే. అయితే అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే బలం పంచుతుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకదాని కాలు జారితే కాడి ప్రక్కకు తిరిగిపోయి రెండో ఎద్దు బలం కూడా పనికి రాకుండా పోతుంది, చూశారా? ఇదీ అంతే. గాలిలో ఉన్న చక్రం తిరగటానికి బలమే అక్కర్లేదు. అందుచేత నేలమీద ఉన్నదానికి కూడా దాదాపు ఏమీ దక్కదు.

మేమిట్లా తల పట్టుకుని ఉండగా, ట్రాక్టరు తోలే మా వీధి అబ్బాయి దడిమీంచి తొంగిచూశాడు. "డిఫ్ లాక్ లేదా మాస్టారూ దీనికి?" అన్నాడు. "మడిలో ఒక చక్రం జారితే మేం కాలికింద పెడలు తొక్కుతామండీ. రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి, బండి బయటికొచ్చేస్తుంది. మళ్లీ మలుపు తిప్పేటప్పుడు మాత్రం వదిలెయ్యాలి, లేకపోతే పళ్లు విరుగుతాయి."

డిగ్రీ లేని ఆ అబ్బాయి రోజూ మడమతో తొక్కే పాఠాన్ని నేను పుస్తకంలో సగమే చదివానన్నమాట!

ఆ సాయంత్రమే ఇరుసులు విప్పాము. డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాల మధ్య ఎం-సీల్ ముద్ద కూరి గట్టిపడనిచ్చాము. ఏరి ఏరి తెప్పించిన దాన్ని నా చేత్తోనే మూసేశాను. ఇక ఎడమచక్రమూ కుడిచక్రమూ కలిసి తిరగక తప్పదు. దీనికి మూల్యం లేకపోలేదు. సిమెంటు గచ్చుమీద తిప్పితే చక్రాలు కీచుమంటాయి, మలుపు వెడల్పుగా తీసుకుంటుంది. రాళ్లమీద అది లెక్కలోకి రాదు. ఈ తాళం ఉన్నట్టయితే ఆనాటి జీపు తప్పక కదిలేదని నేను చెప్పను. బురద బురదే. కాని ఆ రెండు చక్రాలూ కూడా ప్రయత్నం చేసి ఉండేవి.

మరునాడు జీపు ఇటుకలన్నీ ఎక్కి, ఆఖరి నిట్రమైన ఇటుకమీద వెల్లకిలా పడింది. తలుపు ఒకటి ఊడింది. బ్యాటరీని వెనక, అదీ ఎత్తుమీద, పెట్టటమే తప్పు. పైకి ఎక్కేటప్పుడు బరువు వెనక్కు మళ్లుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. బ్యాటరీని ముందుకు, వీలైనంత కిందికి దించాము. ఇంకా చాలలేదు. బందరులో చేపలవలలకు కట్టే సీసపు గుళ్లు దొరుకుతాయి. అవి తెచ్చి ముందు చక్రాల లోపల అంటించాను. బండి రెండు కిలోలు తూగటం ఇందువల్లనే. సీసం ఒంటికి మంచిది కాదు గనక ఆ పని పిల్లచేత చేయించలేదు, నేనూ సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

బండి సిద్ధమైంది గాని, నడిపేవాళ్లు ఇంకా సిద్ధం కాలేదు. రాయి అడ్డం వస్తే మా మనుమరాలు మీట పూర్తిగా నొక్కేది, జీపు ఎగిరి పడేది. అప్పుడు నేను దానికి ప్రజ్ఞాన్ కథ చెప్పాను.

2023 జూలై 14న మన శ్రీహరికోటనుంచి చంద్రయాన్-3 బయలుదేరింది. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుడిమీద దిగింది. దాని కడుపులోంచి ప్రజ్ఞాన్ అనే ఆరుచక్రాల బండి దిగివచ్చింది. బరువు 26 కిలోలు. దానికి స్ప్రింగులు లేవు. ఊగే చేతులవంటి కడ్డీలకు చక్రాలు అమర్చి, రాయి వచ్చినా గుంట వచ్చినా ఆరు చక్రాలూ నేలను అంటిపెట్టుకునేట్టు చేశారు. మేము పెన్ను స్ప్రింగులతో తంటాలుపడ్డది కూడా అందుకోసమే. దాని వేగం ఎంతనుకున్నారు? సెకనుకు ఒక సెంటీమీటరు. చీమ దాన్ని దాటిపోగలదు. ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల ముందు, నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి కనిపించింది. భూమిమీద ఉన్నవాళ్లు దాన్ని ఆపి, వచ్చినదారినే వెనక్కు మళ్లించి, వేరే దారి పట్టించారు. రేడియో కబురు చంద్రుడిదాకా పోయి రావటానికి రెండున్నర సెకన్లు పడుతుంది. తొందరపడి గోతిలో పడితే పైకి తీసేందుకు అక్కడ ఎవరున్నారు? సెప్టెంబరు 2న దాన్ని నిద్రపుచ్చేనాటికి అది నడిచిన దూరం వంద మీటర్లకు కొంచెం ఎక్కువ. మళ్లీ అది మేలుకోలేదు.

"వంద మీటర్లేనా?" అన్నది మా మనుమరాలు. కాసేపు ఊరుకుని, "అయినా పడిపోలేదుగా" అన్నది తనే. ఆనాటినుంచి రాయి ముందు జీపును ఆపి, చుట్టూ తిరిగి చూసి, ఏ చక్రం ఎక్కడ పెట్టాలో అనుకున్నాకనే మీట తాకేది.

సెలవులు అయిపోతాయనగా మేము కృష్ణ ఒడ్డుకు పోయాము. కరకట్ట కోత పడకుండా అక్కడ రాళ్లు పోసి ఉన్నాయి. ఎక్కడో కొండలు పగలగొట్టి లారీలమీద తెచ్చిన రాళ్లు. మా డెల్టాలో నాకు తెలిసిన కొండ అదే. బయలుదేరేముందు మా మనుమరాలు గోనెగుడ్డతో బొటనవేలంత సంచీ కుట్టి, అందులో బియ్యం పోసి, తక్కెడలో తూచి, మూతి బిగించింది.

"ఎంత పోశావు?" అన్నాను.

"వంద గ్రాములు. అప్పట్లో బస్తా వంద కిలోలని చెప్పావుగా. వెయ్యోవంతు" అన్నది.

బొటనవేలంత సంచీలో వంద గ్రాములు పట్టవని, చివరకు అరచేతి వెడల్పు సంచీ కుట్టవలసి వచ్చింది. అది కొలతకు సరిపడలేదని దానికి కొంచెం దిగులు. సంచీని జీపు వెనక కట్టి, కింద నీటి అంచున ఉన్న రాతిమీద పెట్టింది. నేను గట్టుమీద నిలబడ్డాను. జీపు ఒక రాయి ఎక్కింది, ఆగింది. రెండో రాయి అంచున ముందు ఎడమచక్రం గాలిలో వేలాడింది. కుడిచక్రం మెల్లిగా, కీచుమంటూ, రాతిని పట్టి లాగింది. ఒకచోట దారిలేక వెనక్కు వచ్చి ప్రక్కనుంచి పోయింది. ఆ పదిహేను అడుగులూ ఎక్కటానికి పదకొండు నిమిషాలు పట్టింది. గట్టెక్కేసరికి దాని తలుపు మళ్లీ ఊడింది గాని, సంచీ కట్టు సడలలేదు.

ఇంటికి వచ్చాక మా మనుమరాలు ఆ బియ్యాన్ని వాళ్ల అమ్మమ్మకు ఇచ్చింది. ఆమె ఆ రాత్రి ఎసట్లో వాటిని కూడా కలిపి వండింది.